ఎంపీసీకి పదిమంది

రాజమండ్రి,
8 మే 2023.

మావయ్యగారికి నమస్కారాలు.

మంచం మీద పడుకుని రాస్తున్నాను. అక్షరాలు ఏటవాలుగా ఉంటే తిట్టకండి. కాన్పు అయ్యేదాకా మెట్లు దిగడానికి వీల్లేదన్నారు డాక్టరుగారు. అంటే జూలై నెలాఖరు. మీ చెల్లెలు, అంటే మా అమ్మ, గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కాస్తోంది. పుస్తకం అందుకుందామని చెయ్యి చాపినా "ఏంటే, ఎక్కడికే?" అంటోంది.

ఫోను చేస్తే మీ చెవిమిషను ఈల వేస్తుందంటారు. వాట్సాప్ పెడితే అందులో భాషను చూసి జ్వరం వస్తుందంటారు. అందుకని ఈ ఉత్తరం. ధవళేశ్వరం నుంచి రోజూ మన లంక స్కూలుకి వచ్చే రికార్డు అసిస్టెంటు గణేష్‌బాబు ఉత్తరాలు అటూ ఇటూ చేరవేస్తానన్నాడు.

అసలు సంగతి. మన హైస్కూల్లో పదో తరగతి పైన ఆడపిల్లలకి ఇంటర్ పెట్టించడానికి నేనెంత తిరిగానో మీకు తెలుసు. బైపీసీకి పిల్లలు వస్తున్నారు. ఎంపీసీకే రావడం లేదు. నిరుడు ఏడుగురు. ఈ ఏడు జూన్ నెలాఖరుకి పదిమంది చేరకపోతే మన స్కూల్లో ఎంపీసీ ఎత్తేస్తారని హెడ్మాస్టరు జానకిరామ్ గారు చెప్పారు. ఒకసారి ఎత్తేస్తే మళ్ళీ పెట్టరు. రోజూ పంటు మీద గోదారి దాటి, అవతల ఒడ్డున బస్సెక్కి కాలేజీకి వెళ్ళలేని పిల్లలందరికీ లెక్కలు, ఫిజిక్సూ పదితోనే ఆఖరు.

ఫిజిక్సుకి నేనున్నాను. లెక్కల పోస్టు ఖాళీగా ఉంది. మీరొచ్చి చెప్తానన్నారు కాబట్టే జానకిరామ్ గారితో ధైర్యంగా మాట్లాడాను. ఇప్పుడు ఇంకో సాయం చెయ్యాలి. మొన్న శనివారం పదో తరగతి రిజల్ట్స్ వచ్చాయి కదా. భీమరాజు గారి సాయిదుర్గ, అచ్చాయమ్మ గారి మనవరాలు లావణ్య, పావని, వీళ్ళందరి ఇళ్ళకీ నేనే వెళ్ళాల్సింది. నా బదులు మీరు వెళ్ళి రండి. అమ్మానాన్నలతో రెండు మంచి మాటలు మాట్లాడి పేర్లు రాయించండి, చాలు. ప్రైవేటు కాలేజీ పి.ఆర్.ఓ. అశోక్ అప్పుడే బండిమీద రంగుల కాయితాలు పట్టుకుని తిరుగుతున్నాడట.

ఇక్కడ ఫ్యానుకేసి చూస్తూ పడుకోవడం నా వల్ల కావడం లేదు. వెంటనే జవాబు రాయండి.

మీ మేనకోడలు,
మంజుష


మల్లవరపులంక,
11 మే 2023.

చిరంజీవి మంజుషకు ఆశీస్సులు. ఇక్కడ గోదావరి ఎండకు సన్నబడినది. నేను సన్నబడలేదు. కనుక నా ఆరోగ్యమును గూర్చి నీ తల్లి దిగులుపడనక్కరలేదని చెప్పు.

నీ లేఖ చేరినది. భౌతికశాస్త్రం బోధించే ఉపన్యాసకురాలు "రిజల్ట్స్" అని వ్రాయడం నాకు కష్టం కలిగించింది. "ఫలితాలు" అనే మాటకు ఏమి లోటు వచ్చినదో నాకు తెలియదు. మంచంలో ఉన్నావు గనుక ఈసారికి మన్నించితిని.

ఇక విషయం. ఇంటింటికీ తిరిగి "అమ్మా, మీ పిల్లను పంపండి" అని అడగడం అశోక్ చేసే పని. వాడు నా వద్ద ఎనిమిదవ తరగతి చదివినవాడే. కాగితాలు పంచడంలో అప్పుడే చురుకు. ముప్పైఎనిమిది సంవత్సరాలు గణితం బోధించినవాడు ఆ వరుసలో నిలబడరాదు. మనం గడప తొక్కితే చదువు చులకనవుతుంది. గణితం కోరి వచ్చినవారికే వస్తుంది గాని, బతిమాలి తెచ్చినవారికి రాదు.

అయినను నీవు కంగారుపడకు. నీవు కోరినది పదిమంది. యోగ్యులైన పదిమందిని నేను నిలబెడతాను. అందుకొక చిన్న ఏర్పాటు చేశాను. ఆదివారం ఉదయం ఆసక్తి గల బాలికలందరూ పాఠశాల వరండాకు రావలెనని పంటురేవులోను, పాలకేంద్రంలోను చెప్పించాను. జానకిరామ్ గారు వరండా తాళం ఇచ్చారు. సుద్దముక్కలు నేనే కొన్నాను.

నీవు ఎడమవైపుకు తిరిగి పడుకోవలెనని మీ అత్తయ్య చెప్పమన్నది. ఎందుకో ఆమె చెప్పలేదు.

ఆశీస్సులతో,
వెంకటరామరాజు


రాజమండ్రి,
15 మే 2023.

మావయ్యగారూ, నమస్కారాలు, ఇంకా బోలెడన్ని నమస్కారాలు!

గణేష్‌బాబు ఇప్పుడే మామిడిపళ్ళ బుట్ట దింపి వెళ్ళాడు. గుమ్మంలోంచే కేకేసి చెప్పాడు: "మేడమండీ, మాస్టారి దగ్గరికి నిన్న పదిహేడుమంది ఆడపిల్లలొచ్చారండి! వరండా సరిపోక మెట్లమీద కూడా కూర్చున్నారండి!" పదిహేడు! నేను లేచి కూర్చున్నాను. అమ్మ అరిచింది. మళ్ళీ పడుకున్నాను. పడుకుని ఏడ్చాను, సంతోషంతోనే లెండి.

రెండేళ్ళుగా నేను చెప్పులరిగేలా తిరిగితే ఏడుగురు వచ్చారు. మీరు గడప దాటకుండా పదిహేడుమందిని రప్పించారు. ఇళ్ళకి వెళ్ళమన్నందుకు నామీద నాకే సిగ్గేసింది. వెంటనే జానకిరామ్ గారికి ఫోన్ చేసి "ఎంపీసీకి పదిహేడు" అని చెప్పేశాను. ఆయన పైకి కూడా తెలియజేస్తానన్నారు. పక్క లంకలకి వెళ్ళి పిల్లల్ని అడుగుదామనుకున్నారట. ఇంక అక్కర్లేదని మానేశారు. మా ఆయన శ్రీనివాసరాజు గారైతే "మీ మావయ్యగారిని మా రొయ్యల మేత అమ్మకానికి పంపుదామా?" అంటున్నారు. కోప్పడకండి, సరదాకన్నారు.

వాళ్ళ పేర్లు రాసి పంపండి. సాయిదుర్గ ఉంది కదా? లావణ్య వచ్చిందా? దానికి లెక్కలంటే భయం, కానీ ప్రయోగాలు చేసేటప్పుడు చూడాలి మావయ్యగారూ. తీగ ఎక్కడ వదులైందో చెయ్యి పెట్టి కనిపెట్టేస్తుంది.

ఇవాళ నిద్ర పడుతుంది నాకు.

మంజుష


మల్లవరపులంక,
18 మే 2023.

చిరంజీవి మంజుషకు ఆశీస్సులు.

నీ ఆనందమునకు నేనును ఆనందించాను. అయితే గణేష్‌బాబు సగం చెప్పి సగం నీ ఊహకు విడిచిపెట్టినట్లున్నాడు. పదిహేడుమంది వచ్చిన మాట నిజమే. వారు వచ్చినది ప్రవేశపరీక్షకు.

ప్రశ్నపత్రం నేనే తయారుచేశాను. ఏబది మార్కులు. నాలుగవ ప్రశ్న నీవు చూడవలసినది. మన లంక గట్టును వరద ఏటా కోసుకొనిపోతున్నది గదా, ఆ కోతకు గురైన భాగాన్ని సమలంబ చతుర్భుజంగా తీసుకొని, పోయిన నేల వైశాల్యం కనుగొనమన్నాను. ఆ గట్టుమీదనే పుట్టి పెరిగిన పిల్లలలో ముగ్గురే సరిగా చేశారు. ఉత్తీర్ణతకు ముప్పై మార్కులు పెట్టాను. కనీసం అంత కూడా తెచ్చుకోలేనివారు కలనగణితం ముందు ఎట్లా నిలుస్తారు?

ఐదుగురు ఉత్తీర్ణులైనారు. సాయిదుర్గకు నలుబదియేడు! ఆ మూడు కూడా ప్రమాణాలు వ్రాయకపోవడం వలన తగ్గించాను, తెలియక కాదు. మిగిలిన పన్నెండుమందికి మరల చదువుకొని రమ్మని చెప్పాను. అనుబంధ పరీక్ష పెడతాను. అందులో ఐదుగురు తేరితే నీ పదిమంది పూర్తి. ఫలితాలను మార్కులతో సహా పాలకేంద్రం గోడకు అంటించాను. ఊరందరూ రెండుపూటలా వచ్చే చోటు అదే గదా. మైదాపిండిలో మైలుతుత్తం వేసి ఉడికించిన జిగురు. పురుగు ముట్టదు, వానకు ఊడదు.

నిన్న అచ్చాయమ్మ నా వాకిట్లోకి వచ్చి కలహించింది. ఆమె మాటలు యథాతథంగా వ్రాస్తున్నాను, భాషకు నేను బాధ్యుడను కాను.

"ఏవండీ మాస్టారూ, మా లావణ్య పేరు గోడెందుకెక్కిందండీ? ఏం ఎత్తుకుపోయిందని?"

"అది ఫలితాల పట్టికమ్మా."

"పట్టికో పటమో నాకు తెల్దండి. పాలు పొయ్యడానికొచ్చిన పెతోడూ 'మీ మనవరాలికి తొమ్మిదేనంటగా' అంటన్నాడు. ఆ తొమ్మిదైనా ఎందుకేశారండీ? సున్నా పెట్టుంటే గుండ్రంగా ఉండును!"

సున్నా వేయడానికి వీలులేదు, రెండవ ప్రశ్నలో సూత్రం సరిగా వ్రాసింది, అని వివరించాను. వినకుండా వెళ్ళిపోయినది.

ఆశీస్సులతో,
వెంకటరామరాజు


రాజమండ్రి,
20 మే 2023.

మావయ్యగారూ,

పదిమంది కావాలని నేనడిగితే, వచ్చిన పదిహేడుమందిలో పన్నెండుమందిని మీరు వెనక్కి పంపేశారా?

ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారైనా వేరే అర్థం వస్తుందేమోనని.

మనది ప్రభుత్వ హైస్కూలు మావయ్యగారూ. పది పాసైన ఏ పిల్లయినా ఎంపీసీలో చేరొచ్చు. వాళ్ళు పరీక్ష రాయడానికి రాలేదు, చేరదామని వచ్చారు. మండుటెండలో వచ్చారు. మీరు కాయితాలు పంచారు. మర్నాడు పేర్లు గోడకెక్కించారు. లావణ్య మీ అనుబంధ పరీక్షకి ఎందుకొస్తుంది? నేనైతే రాను.

జానకిరామ్ గారికి నేనేమని చెప్పను? పదిహేడని ఆయన పైకి కూడా పంపేశారు. నామాట నమ్మి పక్క లంకలకి వెళ్ళడం మానేశారు.

ఇంకోటి. అశోక్ పాలకేంద్రం దగ్గర బండి ఆపి, ఆ గోడని ఫోన్లో ఫొటో తీసుకున్నాడట. గణేష్‌బాబు చూశాడు. దయచేసి ఆ కాయితం ఇవాళే తీసెయ్యండి. నాకు లేచి రావడానికి లేదు. ఉంటే నేనే వచ్చి పీకేసేదాన్ని.

మంజుష


మల్లవరపులంక,
24 మే 2023.

మంజుషకు ఆశీస్సులు.

నీ లేఖలోని స్వరం నాకు రుచించలేదు. అయినను నీ స్థితిని దృష్టిలో ఉంచుకొని శాంతంగా జవాబిస్తున్నాను.

పదిమంది అనేది సంఖ్య. సంఖ్యను ఎవరితోనైనా నింపవచ్చు. పంటులో ఎక్కిన వారందరినీ దింపి కూర్చోబెట్టినా పదిమంది అవుతారు. నేను అడుగుతున్నది, రెండేళ్ళ తరువాత వారిలో ఎందరు మిగులుతారని. ఫలితాలు ప్రకటించడంలో తప్పేమున్నది? దాచవలసినవి తప్పులు గాని, మార్కులు కావు.

నీవు అశోక్‌ను గూర్చి భయపడితివి గదా. నిన్న వాడే మా ఇంటికి వచ్చి నా పాదాలకు నమస్కరించాడు. వాడు అన్న మాటలు విన్న పిమ్మట నీ అభిప్రాయం మార్చుకొందువని వ్రాస్తున్నాను.

"మాస్టారూ, మీ చేతి మార్కంటే మార్కేనండి. మా కాలేజీలో సెలక్షన్ టెస్టు పెట్టాలంటే ఎంత హడావుడండీ! హాలు, పేపరు, దిద్దేవోళ్ళు. మీ కాయితం చూపిస్తే మా డీన్ గారు 'ఇంకేం టెస్టయ్యా, రాజుగారు దిద్దారుగా' అనేశారండి."

చూచితివా? అంత పెద్ద కళాశాల వారు సైతం నా మూల్యాంకనాన్ని ప్రమాణంగా స్వీకరించారు. మన ఊరి వారికి మాత్రమే అది గోడమీది కాగితం. అశోక్ సాయిదుర్గ ఇల్లు ఎటని అడిగాడు. అభినందించుటకై కాబోలు. చూపించి పంపాను.

అనుబంధ పరీక్ష ఈ ఆదివారం. మీ అత్తయ్య నీకు సున్నుండలు పంపుతున్నది.

వెంకటరామరాజు


మల్లవరపులంక,
1 జూన్ 2023.

చిరంజీవి మంజుషకు,

నీ నుండి జవాబు లేదు. లేకపోవడమే జవాబని ఈ ఉదయం గ్రహించాను.

అనుబంధ పరీక్షకు ఒక్కరూ రాలేదు. వరండాలో పది గంటల వరకు కూర్చొని తాళం వేసి వచ్చాను. ఈ ఉదయం ఒక తెల్లని వ్యాను పంటు దిగి ఊరిలోకి వచ్చింది. ముందు సీటులో అశోక్. ఐదు ఇళ్ళవద్ద ఆగింది. ఐదుగురు పిల్లలు పెట్టెలతో ఎక్కారు. ఎవరా ఐదుగురని నీవు అడగనక్కరలేదు. వాడు ఇల్లిల్లూ వెదకలేదు, గోడమీది వరుసలోనే వెళ్ళాడు.

భీమరాజు రేవులో కనిపించాడు. "పిల్లను అవతలి ఒడ్డుకు పంపనన్నావు గదయ్యా?" అని అడిగాను.

"పంపనన్నానండి. కాదన్ను. మీరే గోడమీద రాసేరు కదండీ, ఊళ్ళో మొదటిదని. మొదటిదాన్ని లంకలో కూకోబెడితే రేపు నన్నేమంటారండీ? సీటు ఫ్రీ, హాస్టలు ఫ్రీ అంటన్నారు. ఆయ్, అంతా మీ దయేనండి."

వానికి నాయందు కృతజ్ఞతే ఉన్నది. అది నేను మోయలేకపోయాను. సాయిదుర్గ వ్యాను కిటికీ నుండి "వెళ్ళొస్తానండి మాస్టారూ" అన్నది. ఏమని దీవించానో గుర్తులేదు.

మధ్యాహ్నం నుండి గట్టుమీద అటూ ఇటూ తిరుగుతున్నాను. మీ అత్తయ్య రెండుమార్లు మనిషిని పంపింది. గోడమీద ముందు ఐదు పేర్లు పోగా, మిగిలినవి నేను వద్దన్న పేర్లు. నీ గ్రూపు మొదటి సంవత్సరంలో ప్రస్తుతం ఒక్కరును లేరు.

ఏమి చేయవలెనో నాకు తోచుట లేదు. ఈ వాక్యం నేను ఇంతకు ముందు ఎవరికీ వ్రాయలేదు. నీవు చెప్పు.

వెంకటరామరాజు


రాజమండ్రి,
3 జూన్ 2023.

మావయ్యగారికి నమస్కారాలు.

నేను ఏడవలేదు. అమ్మ ఏడిస్తే నేనే ఊరుకోబెట్టాను. ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడం కోపంతోనే. ఇప్పుడు కోపం లేదని చెప్పను, కానీ టైము లేదు.

సాయిదుర్గ ఎక్కడున్నా చదువుకుంటుంది. ఎంపీసీ కావాలని నేను తిరిగింది దానికోసం కాదండి. వ్యాను ఎవరి ఇంటిముందు ఆగదో వాళ్ళకోసం. లావణ్యకి తొమ్మిదొచ్చాయంటే మనం చెప్పాల్సింది ఇంకా నలభైఒకటి ఉందని. అంతే కదా?

ఆ పన్నెండు ఇళ్ళకీ వెళ్ళండి. మీరే వెళ్ళండి, గణేష్‌బాబుని పంపకండి. పాస్ చేశానని చెప్పకండి, వాళ్ళు నవ్వుతారు. పరీక్ష పేరే ఎత్తకండి. మీరు లెక్కలు చెప్తారని, రోజూ వస్తారని, అర్థం కాకపోతే మళ్ళీ చెప్తారని చెప్పండి. జానకిరామ్ గారితో నేను మాట్లాడాను. మాటలు పడ్డాను. ముప్పయ్యో తారీకు సాయంత్రం దాకా ఆగుతారు. ఈలోపు బైపీసీలో చేరిన పిల్లలు కావాలంటే ఇటు మారొచ్చు.

గడప తొక్కితే చులకనవుతామని రాశారు. తొక్కండి మావయ్యగారూ. నాకోసం.

మంజుష


మల్లవరపులంక,
14 జూన్ 2023.

చిరంజీవి మంజుషకు ఆశీస్సులు.

వెళ్ళాను. పన్నెండు ఇళ్ళకును వెళ్ళాను.

మొదటి ఇంటివద్ద వీధిలోనే నిలబెట్టి, "ఇంకేం రాయాలండి ఇప్పుడు?" అని పిల్ల తల్లి అడిగినది. రెండవ ఇంటివారు పనసతొనలు పెట్టి, చదువు మాట తప్ప అన్నీ మాట్లాడారు. ఒక పిల్ల అప్పటికే పాలిటెక్నిక్‌లో చేరింది. పావనియు, మరొక పిల్లయు మన బైపీసీలోనే చేరిపోయినారు. పావనిని ఏమీ అడగలేకపోయాను. నన్ను చూడగానే పెరటిలోకి వెళ్ళిపోయినది.

అచ్చాయమ్మ ఇంటికి చివరకు వెళ్ళాను. మజ్జిగ ఇచ్చి, ముంత ఖాళీ అయ్యే వరకు పక్కనే నిలబడినది. తరువాత అన్నది:

"మా పిల్లొస్తదండి. దానికి ఇష్టమే. మీరంటేనే బయ్యం. కానండీ, ముందు ఆ కాయితం పీకండి."

"మనిషిని పంపి తీయిస్తానమ్మా."

"ఆయ్, మనిషెందుకండీ? అంటించింది ఎవరండీ? సాయంత్రం పాలేళకి రండి. అందరూ ఉంటారు."

వెళ్ళాను. నేను కాచిన జిగురు ఎంత గట్టిదో అప్పుడు తెలిసినది. నీళ్ళు చల్లి నానబెట్టినా ఊడి రాలేదు. అచ్చాయమ్మ ఇంటినుండి అట్లకాడ తెచ్చి నా చేతిలో పెట్టినది. పాల క్యాన్లు వరుసలో ఉన్నవి, వాని యజమానులు నా చుట్టూ ఉన్నారు. "ఏంటండీ మాస్టారూ, మార్కులు దిద్దుతున్నారా?" అని ఒకరు. పాలు కొలిచే చిట్టియ్య కొలత ఆపి, "ఎడం పక్క ఇంకో మూడు పేర్లున్నాయండి, అక్కడ గట్టిగా లాగించండి" అని చెప్పాడు. నవ్వారు. చేతులు నొప్పి పుట్టే వరకు గీకాను. గోడ సున్నం కూడా కొంత రాలినది. దానికి వేరుగా చివాట్లు తిన్నాను.

లావణ్య ఆ వరుసలోనే పాలక్యాను పట్టుకొని నిలబడి ఉన్నది. నవ్వలేదు. మరునాడు తొమ్మిది గంటలకు బడికి వచ్చి పేరు వ్రాయించినది. దాని వెంట ఒకరొకరుగా మిగిలినవారు. పన్నెండుమందిలో మువ్వురు పోగా తొమ్మండుగురు చేరినారు.

మరొకరు కావలె. ఊరిలో మరి ఎవరూ లేరు. తొమ్మిదితో పాఠం మొదలుపెట్టాను గాని, నా ధ్యాస పదవ బల్లమీదనే ఉన్నది.

వెంకటరామరాజు


మల్లవరపులంక,
26 జూన్ 2023.

చిరంజీవి మంజుషకు ఆశీస్సులు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. సగం చేశాను. మిగతా సగం చేయలేకపోయాను. కోపగించుకొనే ముందు పూర్తిగా చదువు.

పదవ పేరు కోసం నిన్న ఆదివారం సాయిదుర్గ ఉండే హాస్టలుకు వెళ్ళాను. ముందుగా భీమరాజును అడిగాను. "అదొస్తానంటే తీసుకొచ్చేయండి, నాకూ ఇంట్లో తోచట్లేదు" అన్నాడు. తల్లిదండ్రులు పిల్లలను చూచేందుకు గేటు లోపల బెంచీలు వేసి ఉన్నవి. పిల్ల వచ్చినది. చిక్కినది.

"ఇక్కడ మళ్ళీ టెస్టు పెట్టారండి మాస్టారూ. నన్ను తొమ్మిదో సెక్షన్లో వేశారండి. నాన్నకి చెప్పకండేం."

మన లంకలో మొదటి పిల్ల, మంజుషా. అదే అడిగింది:

"నేనొచ్చేస్తే మీకు పదిమందీ అయిపోతారంటగా. నాన్న ఫోన్లో చెప్పాడండి. రమ్మంటారా?"

రమ్మంటాను అన్న మాట నా నోటిచివరన ఉన్నది. అనివుంటే ఈపాటికి మన గ్రూపు నిలిచివుండేది. కాని ఇంతవరకు ఆ పిల్లను ఎవరూ అడగని ప్రశ్న నేను అడిగాను. "నీకేమి కావాలమ్మా?"

"మొదటి సెక్షన్లోకి ఎక్కాలనుందండి. ఎక్కకుండా వచ్చేస్తే ఓడిపోయొచ్చిందంటారండి. నాకూ అలాగే అనిపిస్తదండి."

"ఎక్కడ తడబడుతున్నావు?" అని అడిగాను. గణితానుగమనం అర్థం కాలేదన్నది. అది ఫలహారం తిన్న కాగితపు పళ్ళెం వెనుక వ్రాసి, చూడవచ్చినవారు వెళ్ళవలసిన గంట మ్రోగేవరకు చెప్పాను. చివరి లెక్క అదే చేసినది. లోపలికి పరుగెత్తింది. నేను బస్సెక్కాను.

పదవ పిల్లను తేలేదు. తేగలిగివుండీ తేలేదు. నీవు ఏమన్నా పడతాను.

వెంకటరామరాజు


రాజమండ్రి,
27 జూన్ 2023.

మావయ్యగారికి నమస్కారాలు.

నేనైతే తీసుకొచ్చేసేదాన్ని. తీసుకొచ్చి, పేరు రాయించి, ఆ తర్వాత నిద్ర పట్టక మీకే ఉత్తరం రాసేదాన్ని. మీరు చేసిందే రైటని ఇప్పుడు అనలేను. తప్పని కూడా అనలేకపోతున్నాను. అమ్మ మాత్రం "మా అన్నయ్య ముసలితనంలో మెత్తబడ్డాడు" అంటోంది.

జానకిరామ్ గారికి మళ్ళీ ఫోన్ చేశాను. తొమ్మిది చాలదన్నారు. శుక్రవారం సాయంత్రం సంఖ్య పంపేస్తారట. తొమ్మిదే పంపితే వాళ్ళందర్నీ బైపీసీలోకి మార్చేస్తారు.

మీరు మాత్రం శుక్రవారం దాకా పాఠం ఆపకండి. ఎంత వరకు అయితే అంత వరకు చెప్పండి. ఎక్కడికి పోయినా అది వాళ్ళ దగ్గరే ఉంటుంది.

మంజుష


మల్లవరపులంక,
30 జూన్ 2023, శుక్రవారం.

చిరంజీవి మంజుషకు ఆశీస్సులు.

ఈ లేఖ గణేష్‌బాబు చేతికి ఇచ్చి, దారిలో ఎక్కడా ఆగవద్దని చెప్పాను. సగం సగం చెప్పవద్దనియు వానికి చెప్పాను.

నిన్న ఉదయం తరగతిలోకి వెళ్ళి పిల్లలతో ఉన్న మాట చెప్పాను. పదిమంది లేకపోతే ఈ గ్రూపు రేపటినుండి ఉండకపోవచ్చునని. ఒక పిల్ల, "ఉంటుందా, ఉండదా అండీ?" అని అడిగినది. నాకు తెలియదన్నాను. తొమ్మండుగురును నావైపే చూచారు. నేను నల్లబల్ల వైపు తిరిగి మాత్రికలు మొదలుపెట్టాను. లావణ్య రెండవ గంట పాఠం వరకు ఉండి, మధ్యాహ్నం నుండి కనబడలేదు. అది కూడా పోయినదనుకొన్నాను. రాత్రి భోజనం సయించలేదు.

ఈ ఉదయం గంట కొట్టక మునుపే వచ్చినది. వెంట పావని. పావని తలుపు వద్దనే నిలబడిపోయింది. లావణ్య దాని చేయి పట్టుకొని లోపలికి లాగి, నాతో అన్నది:

"ఇదీ మనతోనే చదవాలనుకుందండి. గోడమీద పేరు చూసుకుని బైపీసీకెళ్ళిపోయింది. జానకిరామ్ సార్‌ని నిన్నే అడిగేశానండి, మారొచ్చన్నారు. ఆళ్ళమ్మ కూడా సరేనంది."

"నేను వాళ్ళ ఇంటికి వెళ్ళానే! పెరటిలోకి పారిపోయినది" అన్నాను.

"మీరు అడుగుతారేంటండీ మాస్టారూ! మీరొస్తే ఎవరైనా మళ్ళీ పరీక్షనుకుంటారు. నేనెళ్తే కబుర్లకనుకుంటారు."

తరగతి అంతా నవ్వింది. పావనియు నవ్వింది. ఆ నవ్వులో నాకును చోటు ఇచ్చారు.

జానకిరామ్ గారు పదిమంది అని వ్రాసి పంపినారు. పంపుతూ నాకు చూపించారు. నేను అక్షరాలు సరిచూచి ఇచ్చాను.

ఇక ఎక్కువ వ్రాయలేను. పావని మాత్రికల గుణకారం నిన్న వినలేదు. మళ్ళీ చెప్పమని అడిగింది. ఎదురుగా కూర్చొని ఉన్నది.

మావయ్య,
వెంకటరామరాజు